పద్నాలుగో గాలిమర

వజ్రకరూరు,
జూన్ 9.

మామా,

నీతో ఫోన్లో అరిచి అరిచి నా గొంతు పోయింది. మొన్న "నాకు పెద్ద సీటు వచ్చేటట్టుంది" అంటే, "పెండ్లి యాడ?" అన్నావు. మా కంట్రోల్ రూములో నలుగురూ విని ఇప్పటికీ నవ్వుతున్నారు. చెవి మిషను పెట్టుకోవు. బటన్ల ఫోనుకు మెసేజ్ పంపితే చదవవు. చిన్నప్పుడు నాకు బలపం పట్టించింది నువ్వే కాబట్టి ఈ ఉత్తరం నువ్వే భరించు.

విషయం ఇదీ. మా సైటులో అరవై రెండు గాలిమరలు ఉన్నాయని నీకు తెలుసు. ఏది తిరుగుతోంది, ఏది ఆగింది, రిపేరుకు ఎవరు దేని మీదికి ఎక్కారు అన్నది తెరల మీద చూసుకోవడమే నాలుగేళ్ళుగా నా పని. సైట్ లీడ్ సీటు అక్టోబరులో ఖాళీ అవుతుంది. మేనేజరు జయరాజు సార్ పిలిచి, "మూడు నెలలు షిఫ్ట్ ఇన్‌చార్జిగా చెయ్యి. సెప్టెంబరు పన్నెండున ఇంటర్వ్యూ" అన్నారు. ఈ సైటులో ఆ సీట్లో ఇంతవరకూ ఆడమనిషి కూర్చోలేదు.

ఇంకో మాట కూడా అన్నారు. "పనిలో నీకు వంక పెట్టేదేం లేదు హేమావతీ. నిన్ను నువ్వు అదుపులో పెట్టుకోవడమే నీకు చాతకాదు." అందుకని కంపెనీ నన్ను ఒక ఆన్‌లైన్ కోర్సులో చేర్చింది. పేరు 'స్వీయ నిర్వహణ'. సమయం, కోపం, ఏకాగ్రత, కాదనడం అంటూ పదకొండు పాఠాలు. రెండు పూర్తి చేశాను. ఏకాగ్రత పాఠాన్ని రెండింతల వేగంతో పెట్టుకుని, అన్నం తింటూ, మెయిళ్ళకు జవాబులిస్తూ విన్నాను. నూటికి తొంభై వచ్చాయి.

అత్తకు చెప్పు.

నీ మేనకోడలు,
హేమావతి


తనకల్లు,
జూన్ 17.

శ్రీమతి కాని శ్రీ హేమావతమ్మ గారికి,

గంగాధరప్ప ఆశీస్సులు. జిల్లా విడిపోయాక మీ ఊరు పరాయి జిల్లా అయింది కదా, నీ ఉత్తరం పుట్టపర్తి అంతా చుట్టి దర్శనం చేసుకుని ఆరో రోజుకు వచ్చింది. ఎర్ర ఇంకుతో దిద్ది బీరువాలో పెట్టాను. ఏడు తప్పులు. ఎక్కడెక్కడో చెప్తే కాబోయే సైట్ లీడ్ పరువు పోతుంది.

మీ అత్త తిరుపాలమ్మకు చదివి వినిపించాను. "స్వీయ నిర్వహణ అంటే ఏంది?" అనడిగింది.

"ఎవురి మేకల్ని వాళ్ళే తోలుకోవడం" అని చెప్పాను.

"అది మా నాయన నాకు ఆరేండ్లప్పుడే నేర్పించినాడు. దానికి పదకొండు పాఠాలా?" అంది. వానలు పడ్డాయి కదా, ఈ తెలివికి బదులు మీ వజ్రకరూరు చేలల్లో తిరిగి ఒక వజ్రమన్నా ఏరుకో అని కూడా చెప్పమంది.

నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి అలా అనను. ఇరవై ఎనిమిదేళ్ళు బస్టాండులో కంట్రోలరుగా కూర్చున్నాను. కిటికీలో ఒకడు "అన్నా, మదనపల్లె బస్సు పోయిందా?" అంటాడు. ఫోన్లో డిపో వాళ్ళు. వెనక డ్రైవరు సంతకం కోసం చెయ్యి చాపి నిలబడి ఉంటాడు. చాలా ఏళ్ళు ముగ్గురికీ ఒకేసారి జవాబు చెప్పి గొప్పవాణ్ణనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, ఎవరి మొహం చూస్తున్నామో వాళ్ళ పని అయ్యాకే రెండో మొహం వైపు తిరగాలని. ఒక చెవిలో ఒకసారి ఒక మాటే పడుతుంది. ఇప్పుడు నాకు అది కూడా పడటం లేదు, అది వేరే సంగతి.

ఏకాగ్రత పాఠం మళ్ళీ విను. ఈసారి చేతిలో ముద్ద లేకుండా.

మామ


వజ్రకరూరు,
జులై 6.

మామా,

నువ్వు బస్సుల కాలం మనిషివి. ఇది వేరే కాలం. కోర్సులో చెప్పినట్టు ఒక పుస్తకం కొని రోజూ చేయాల్సిన పనులు రాస్తున్నాను. ఈ రోజుకు ముప్పై ఒకటి. విను: తెరలు చూడటం, పైకెక్కే వాళ్ళకు పర్మిట్లు ఇవ్వడం, జయరాజు సార్ వారం రిపోర్టు తయారు చేయడం, పక్క షిఫ్టు వాళ్ళ డ్యూటీ చార్టు రాయడం (వాళ్ళ ఇన్‌చార్జికి కంప్యూటరంటే భయం), భద్రతా వారోత్సవానికి ఉపన్యాసం, బడి పిల్లలు సైటు చూడ్డానికి వస్తే తిప్పి చూపించడం, ఎవరి పుట్టినరోజైనా ఉరవకొండ నుంచి కేకు తెప్పించడం. ఎవరడిగినా "సరే" అంటున్నాను. "మేడం లేకపోతే సైటు నడవదు" అంటున్నారందరూ. పెద్దసారు బెంగుళూరు నుంచి ఫోన్ చేసి నా పేరు పెట్టి పిలిచారు!

కాదనడం ఎలా అన్నది ఆరో పాఠం. టైం లేక ఇంకా వినలేదు.

హేమ


తనకల్లు,
జులై 14.

సైటును ఒంటిచేత్తో మోస్తున్న హేమావతికి,

నీ ముప్పై ఒక్క పనుల్లో నాకు రెండే పనులు కనిపించాయి. మొదటి రెండు. మిగతా ఇరవై తొమ్మిదీ నీకు పేరు తెచ్చేవి. ఆ రెండింటికీ పేరు రాదు. సరిగ్గా జరిగిన రోజు అవి ఎవరి కంటా పడవు. ఏడేళ్ళు బస్సులు టైముకు పోయినా నాకు ఒక్కరు దండం పెట్టలేదు. ఒక్క బస్సు ఆలస్యమైతే మాత్రం మా వంశం మొత్తం బస్టాండుకు వచ్చేది, తిట్లలో.

కాదనడం నేర్చుకోవాలంటే మీ అత్తను నెల రోజులు అద్దెకు పంపిస్తాను. నిన్న పక్కింటి హనుమక్క వచ్చి "అక్కా, నీ రోలు ఇయ్యి" అంది.

"ఈను" అంది మీ అత్త.

"ఎందుకక్కా?"

"పోయినసారి ఇచ్చినది నేనే పోయి తెచ్చుకుంటి."

అంతే. ఇద్దరూ కూర్చుని కాఫీ తాగారు. కాదంటే ఆకాశం ఊడిపడదమ్మే. తలుపు మూసుకుని "కాదప్పా" అని రోజుకు పదిసార్లు అను. కేకుతో మొదలుపెట్టు.

మామ


వజ్రకరూరు,
ఆగస్టు 21.

మామకు నమస్కారములు.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను. ఉద్యోగం బాగా సాగుతున్నది. కోర్సు పూర్తయినది. సర్టిఫికెట్ వచ్చినది. ఇంటర్వ్యూకు చదువుకుంటున్నాను. పని ఒత్తిడి వల్ల వెంటనే జవాబు రాయలేకపోయాను. అత్తకు నమస్కారములు చెప్పగలవు.

ఇట్లు,
హేమావతి


తనకల్లు,
ఆగస్టు 27.

హేమా,

నీ ఉత్తరంలో ఒక్క తప్పూ లేదు. నన్ను వెక్కిరించిన మాట ఒక్కటీ లేదు. జీవితంలో మొదటిసారి నన్ను 'మీరు' అని రాశావు, అత్తతో కలిపైనా సరే. పుట్టిన ఊరికి బదిలీ అడుగుతూ గుమాస్తా రాసుకునే అర్జీలా ఉంది.

మీ అత్తకు వినిపిస్తే చేస్తున్న పని ఆపింది. "పాపకు ఏమో అయిండాది. ఫోన్ చెయ్యి" అంది. చేస్తే నాకు ఏమీ వినపడదు, నీకు ఏడుపొస్తే దాచుకోవడం సులువవుతుంది. అందుకే రాస్తున్నాను.

ఏం జరిగింది?

మామ


వజ్రకరూరు,
సెప్టెంబరు 1.

మామా,

ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్తున్నాను.

గాలిమర మీదికి మనిషి ఎక్కే ముందు అతని పేరు, దాని నంబరు రాసి పర్మిట్ ఇస్తాం. అతను దిగి వచ్చి సంతకం పెట్టేదాకా ఆ మరను తిప్పకూడదు. అది నా పని. నువ్వు చెప్పిన రెండు పనుల్లో రెండోది.

ఆగస్టు పదకొండు, మధ్యాహ్నం. నలభై ఒకటో నంబరు మీద పని అయిపోయి మనుషులు దిగేశారు. పద్నాలుగు మీద మా టెక్నీషియన్ ఓబిలేష్ ఉన్నాడు. ఎనభై మీటర్ల పైన, రెక్కల ఇరుసు దగ్గర. నా ఎడమ చేతిలో ఫోను, అవతల బెంగుళూరు వాళ్ళు రిపోర్టు అడుగుతున్నారు. కుడి చేత్తో భద్రతా వారోత్సవం పిలుపు కాగితం టైపు చేస్తున్నాను. భద్రతా వారోత్సవం మామా! ఎవరో "మేడం, నలభై ఒకటి తిప్పేయొచ్చు" అన్నారు. నేను పద్నాలుగు పర్మిట్ మూసేసి, పద్నాలుగుకు స్టార్ట్ కొట్టాను.

మర తిరగలేదు. పైకెక్కిన వాళ్ళు రెక్కలు కదలకుండా వేసుకునే తాళం ఒకటుంటుంది. 'లోపల తాళం పడి ఉంది' అని తెర మీద ఎర్రగా వచ్చింది. అప్పుడు నంబరు చూశాను. ఫోను పెట్టేసి పద్నాలుగు దగ్గరికి పోయాను.

ఓబిలేష్ దిగేదాకా కింద నిలబడ్డాను. జరిగింది చెప్పాను. అతను హెల్మెట్ తీశాడు. "పని శానా చిన్నది మేడం. తాళం వేసేకి బద్దకమైతాండె. ఏమో బుద్ధి పుట్టి వేస్తి" అన్నాడు.

తర్వాత అతనే అన్నాడు: "నేనెవురికీ చెప్పను. మీకు ఇంటర్వ్యూ ఉండాది కదా. మీరు పెద్ద సీట్లో కూర్చుంటే మా అట్లాంటోళ్ళకే మేలు."

పర్మిట్ కూడా అప్పుడే, పది సెకన్లలో సరిచేశాను. కంప్యూటరులో ఎక్కడో ఒక వరుస మిగిలి ఉంటుంది. వెతికితే తప్ప దొరకదు, ఎవరూ వెతకరు. ఇరవై రోజులైంది. ఓబిలేష్ నన్ను చూసి మామూలుగానే నవ్వుతాడు. నాకు ముద్ద దిగడం లేదు.

కోర్సులో తొమ్మిదో పాఠం, తప్పును ఒప్పుకోవడం. ఆ పరీక్ష ఆగస్టు పదమూడున రాశాను. నూటికి నూరు వచ్చాయి.

ఏం చేయమంటావు?

హేమ


తనకల్లు,
సెప్టెంబరు 5.

హేమా,

ఇది స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. నీకు బసప్ప గురించి చెప్పాలి. మీ అత్తకు కూడా నిన్ననే చెప్పాను.

బసప్ప మా డిపోలో డ్రైవరు. ఇరవై రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం నేను డిపో మేనేజరు కోసం చార్టు రాస్తూ, ఏదో మీటింగుకు బస్సులు సర్దుతూ, తెలిసినవాళ్ళకు సీట్లు చూస్తూ ఉన్నాను. నీలాగే, నేను లేకపోతే బస్టాండు నడవదనుకునే రోజులు. రెండూ పదికి పోవాల్సిన బస్సుకు ఒకటీ యాభైకే విజిల్ ఊదాను. బసప్ప తల బయట పెట్టి, "అన్నా, ఇంకా టైం కాలే కదా?" అన్నాడు.

"నేను చెప్తాంటే నీకేమప్పా, పో" అన్నాను.

పోయాడు. నర్సు ట్రైనింగు ఇంటర్వ్యూకు పోవాల్సిన ఆరుగురు ఆడపిల్లలు రెండు గంటలకు వచ్చి చూస్తే బస్సు లేదు. వాళ్ళు ఆ ఇంటర్వ్యూకు అందుకోలేదు. వాళ్ళ పెద్దలు వచ్చి ఫిర్యాదు రాశారు. విచారణ జరిగింది. ఆ నెలలోనే నా పెద్ద కంట్రోలరు ప్రమోషన్ కాగితం పైకి పోయి ఉంది. "నేను విజిల్ ఇవ్వలేదు, డ్రైవరే ముందుగా పోయినాడు" అని నా చేత్తో రాసిచ్చాను. ఒక్క తప్పు లేకుండా, మంచి దస్తూరీతో.

బసప్పను దూరపు డిపోకు వేశారు. నాలుగేళ్ళు. ఇంట్లో వాళ్ళమ్మ మంచంలో ఉంది. ఆమె పోయినప్పుడు అతను డ్యూటీలో ఉన్నాడు. తిరిగి వచ్చాక ఒక్కసారి నా కిటికీ దగ్గరికి వచ్చాడు. ఏమన్నా అడుగుతాడని నేను లేచి నిలబడ్డాను. "అన్నా, టైం ఎంత?" అన్నాడు. చెప్పాను. వెళ్ళిపోయాడు.

ఎవరి మొహం చూస్తున్నామో వాళ్ళ పని అయ్యాకే రెండో మొహం అని నీకు గొప్పగా రాశానే, ఆ పాఠం నాకు వచ్చింది ఆ రోజు. దాని శిక్ష మాత్రం బసప్ప పడ్డాడు.

నువ్వేం చేయాలో చెప్పే అర్హత నాకు లేదు. నేనేం చేశానో చెప్పాను. ప్రమోషన్ వచ్చింది. అదే బస్టాండులో, ఆ కుర్చీలో పదమూడేళ్ళు కూర్చున్నాను. బసప్ప బస్సు వచ్చే టైముకు రోజూ లేచి టీకి పోయేవాణ్ణి.

మామ


వజ్రకరూరు,
సెప్టెంబరు 20.

మామా,

ఎనిమిదో తేదీ నీ ఉత్తరం అందింది. అదే రోజు మధ్యాహ్నం రిపోర్టు రాసుకుని జయరాజు సార్ గదికి పోయాను.

ఆయన రెండుసార్లు చదివారు. కళ్ళద్దాలు తీసి, "ఇంటర్వ్యూ అయ్యాక చెప్పొచ్చు కదమ్మా. నాలుగు రోజులే కదా" అన్నారు.

"ఆ సీట్లో కూర్చున్నాక చెప్పేదాన్ని కాదు సార్" అన్నాను.

ఆయన రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నారు. బయటికి వచ్చి సైటు మొత్తం పని ఆపించారు. పైనున్న వాళ్ళందరినీ దింపారు. మరుసటి రోజు బెంగుళూరు నుంచి విచారణకు వచ్చారు. నన్ను షిఫ్ట్ ఇన్‌చార్జి నుంచి తీసేశారు. ఇంటర్వ్యూ నేను లేకుండానే జరిగింది. వేరే సైటు నుంచి జోయల్ అనే ఆయన వస్తున్నాడు. మంచివాడేనట. రెండు రోజులు గది తలుపు వేసుకుని ఏడ్చాను, నీ దగ్గర దాచడమెందుకు.

కానీ మామా, విచారణలో కూర్చుని ఉండగా పక్క షిఫ్టు ఇన్‌చార్జి, అదే కంప్యూటరంటే భయపడే ఆయన, చెయ్యెత్తాడు. "పోయిన ఏడు నేనూ ఒకసారి తప్పు నంబరు నొక్కినా" అన్నాడు. తర్వాత ఇంకొకరు. ఎవరి గుట్టు వాళ్ళు పొట్టలో పెట్టుకుని తిరుగుతున్నారు! ఇప్పుడు ఒకరు పర్మిట్ మూస్తే సరిపోదు. పైకెక్కిన మనిషే దిగి వచ్చి, తన చేత్తో తన కార్డు తీస్తేనే స్టార్ట్ బటన్ పనిచేస్తుంది. ఆ పద్ధతి రాసే పని నాకే ఇచ్చారు. రాస్తున్నంతసేపూ ఫోను సొరుగులో పెడుతున్నాను.

ఓబిలేష్‌కు నా మీద కోపం. "మీకెందుకు మేడం ఈ తలకాయ నొప్పి? నన్ను గూడా రెండు గంటలు కూర్చోబెట్టి అడిగినారు" అన్నాడు. అంటూనే సంచి విప్పి, "ఇంటికాడ చెప్పినా. మా ఆడమనిషి మీకు ఓళిగలు పంపించింది" అని డబ్బా పెట్టి పోయాడు. తిన్నాను. ముద్ద దిగింది.

నిన్న ఒకాయన పుట్టినరోజు కేకు సంగతి అడిగాడు. "కాదన్నా" అన్నాను. ఆకాశం ఊడిపడలేదు. ఆయనే తెచ్చుకున్నాడు, నాకూ ఒక ముక్క పెట్టాడు.

ఇక నీ ఉత్తరం. ఎర్ర ఇంకుతో దిద్దాను. ఒకే తప్పు. బసప్ప ఇప్పుడెక్కడున్నాడో రాయలేదు. కావాలనే రాయలేదు కదా?

హేమ


తనకల్లు,
అక్టోబరు 15.

హేమా,

కావాలనే రాయలేదు. కొక్కంటి పక్కన పల్లెలో ఉన్నాడు. ఇక్కడికి పది కిలోమీటర్లు కూడా ఉండదు.

మొదటిసారి బస్సెక్కి పోయి, క్రాసులో దిగి, టీ తాగి, అదే బస్సులో తిరిగి వచ్చాను. మీ అత్త "ఏమన్నాడు?" అంటే "ఇంట్లో లేడు" అన్నాను. రెండోసారి అతని చేను దాకా పోయాను. వంగి వేరుశనగ బుడ్డల చెట్లు పీకుతున్నాడు. ఒక ఆటో వెనక నిలబడి చూశాను. ఆటో వెళ్ళిపోయింది. నేనూ వెళ్ళిపోయాను. నువ్వు ఒకే మధ్యాహ్నంలో చేసిన పనికి అరవై ఏడేళ్ళ మనిషికి మూడు బస్సు టికెట్లు పట్టాయి. నవ్వుకో, నీకు హక్కుంది.

మూడోసారి మీ అత్త వెంట వచ్చింది. గట్టు మీద నిలబడి, "బసప్పన్నా, ఈయప్ప నీకాడ ఏమో చెప్పాలంట" అని అరిచి, పోయి చెట్టు నీడన కూర్చుంది. ఇక నేను పారిపోయే దారి లేదు.

బసప్ప తల ఎత్తలేదు. "చెప్పేదుంటే పీకుతా చెప్పు. ఎండకు నేల గట్టిపడతాంది" అన్నాడు. వానలు లేక చేను సగం ఎండి ఉంది. పక్క సాలులో వంగి, పీకుతూ చెప్పాను. విజిల్ ఊదింది నేనేనని, రాసిచ్చింది అబద్ధమని, ప్రమోషన్ కోసమని. వాళ్ళమ్మ గురించి కూడా చెప్పాను.

అతను ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. "ఏమన్నావప్పా?" అన్నాను. అప్పుడు నడుం ఎత్తి, మొత్తం పల్లెకు వినిపించేటట్టు అరిచాడు.

"తెలుసు! విజిల్ ఇన్నది నేనే కదప్పా, నాకు తెలీదా? నువ్వు ఎప్పుడొస్తావో అని చూస్తాంటి. ఇరవై రెండేండ్లు పట్టె నీకు, పది కిలోమీటర్లు వచ్చేకి!"

చుట్టుపక్కల చేలల్లో జనం లేచి నిలబడ్డారు. నేను చేతులు జోడించాను. "కోపం తీసెయ్యప్పా" అన్నాను.

"ఇన్నేండ్లు మోసినా. ఇప్పటికిప్పుడు దించమంటే యాడ దించేది?" అన్నాడు. తర్వాత తిట్టాడు. నన్ను, మా డిపోను, మా మేనేజరును, ఆ ప్రమోషన్‌ను. సాలు ఈ కొస నుంచి ఆ కొస దాకా తిట్టాడు. నేను చెట్లు పీకాను. కొన్ని తిట్లు వినపడక మళ్ళీ అడగాల్సి వచ్చింది. అవి రెండోసారి ఇంకా గట్టిగా పడ్డాయి. మీ అత్త నీడన కూర్చుని అన్నీ విన్నది. ఒక్కదానికీ అడ్డం రాలేదు.

పొద్దు వాలాక కుండలో నీళ్ళు వంచి ఇచ్చాడు. తాగాను. బయల్దేరుతుంటే వెనక నుంచి కేకేశాడు.

"ఇంకా తిట్టేది శానా ఉండాది. చేను గూడా సగమే అయింది. వచ్చే గురువారం రా."

పోయాను. ఆ తర్వాతి గురువారం కూడా పోయాను. బుడ్డలు అయిపోయాయి, ఇప్పుడు కంది చేనులో కలుపు తీస్తున్నాం. తిట్లు తగ్గాయని చెప్పలేను. మధ్యమధ్యలో డ్రైవరు కబుర్లు కూడా చెప్తున్నాడు. పోయిన వారం వాళ్ళమ్మ రాగిసంకటి ఎలా కెలికేదో చెప్పాడు. చెప్పి, నా వైపు చూడకుండా చాలాసేపు కొడవలి నూరుకున్నాడు.

నా నడుం పట్టేసింది. మీ అత్త మందు రాస్తూ, "ఈ వారం మానుకోరాదా?" అంది. నేర్చుకున్నాను కదా, "కాదు" అన్నాను.

రేపు గురువారం. పొద్దున ఏడుకు బస్సు. ఉంటాను.

మామ